తాబేళ్ల మీద జాలర్ల ఫిర్యాదు: అగత్తి నుంచి ఋషికుల్య దాకా

(ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? ఆ చివరి వరసలో మా పేట నుంచి వచ్చిన మావయ్యలు, పిన్నులు కూర్చున్నారు. వాళ్లకి వినపడాలి, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పేదంతా ముందు వాళ్ల కోసమే.

ఇక్కడ చాలామందికి నేను సైన్సు టీచరుగా తెలుసు. నేను పుట్టింది మాత్రం గోపాల్‌పూర్‌కీ ఛత్రపురానికీ మధ్య ఒడ్డు మీద, వాడబలిజ ఇంట్లో. ఒడియా వాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. నాన్నకి మొదట్లో తెప్ప ఉండేది, తర్వాత ఫైబర్ బోటులో వాటా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగాను, ఇక్కడున్న మీరంతా పెరిగినట్టే.

పోయిన డిసెంబరులో లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి వెళ్లొచ్చాను. మా తమ్ముడికి అక్కడ ఉద్యోగం. ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు, పర్మిట్ ఉండాలి, వాడే కాగితాలు పెట్టి ఇప్పించాడు. కొచ్చి నుంచి ఓడలో వెళ్లొచ్చు, చిన్న విమానంలోనూ వెళ్లొచ్చు, నేను విమానంలో వెళ్లాను, గంటన్నర పట్టింది. దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఎంతసేపటికీ నేల కనబడదు. ముదురు నీలం పోయి లేత ఆకుపచ్చ నీళ్లు వచ్చాయి, ఇంకా కిందికి దిగాం, అయినా నీళ్లే, చేతులు చల్లబడ్డాయి నాకు, అప్పుడు ఉన్నట్టుండి రన్‌వే. దానికి రెండు పక్కలా సముద్రమే. దీవి వెడల్పు ఒక కిలోమీటరు కూడా ఉండదు, దక్షిణం కొసన రోడ్డు మీద నిలబడితే ఇటు చూసినా సముద్రం, అటు చూసినా సముద్రం. లక్షద్వీప్‌లో దీవులు 36, మనుషులుండేవి 10, అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లే. మన చిలక సరస్సు ఒక్కటే ఇంచుమించు వెయ్యి చదరపు కిలోమీటర్లు, లెక్క వేసుకోండి.

సామాను తమ్ముడింట్లో పడేసి నేను మొదట చేసిన పని ఒడ్డుకు పోయి గుప్పెడు ఇసుక తీసుకుని దగ్గరగా చూడటం. తెల్లగా, ఉప్పురవ్వలా ఉంది. అరచేతిలో పరిచి వేలితో కదిపితే అందులో రాయి లేదు, మట్టి లేదు. అన్నీ పగడం ముక్కలు, గవ్వల పెంకులు, ఇంత సన్నగా అరిగినవి. ఆ దీవికి నది లేదు, కొండ లేదు, బయట నుంచి ఇసుక రావడానికి దారే లేదు. ఎప్పుడో నీళ్లలోకి కుంగిపోయిన అగ్నిపర్వతాల మీద పగడాలు పెరుగుతూ పెరుగుతూ వచ్చి పైన కట్టిన నేల అది. పగడాన్ని కొరికి తినే చిలక చేపలు ఉంటాయి, అవి విసర్జించేది కూడా ఇసుకే. అంటే అక్కడ కాలి కింద ఉన్నదంతా ఒకప్పుడు ప్రాణమున్న జీవుల ఒంట్లోంచి వచ్చిందే. మన ఒడ్డున ఇసుక వేరు. అది నదులు కొండల్ని అరగదీసి మోసుకొచ్చిన ఇసుక, అందులో నల్లటి చారలు మీరందరూ చూసే ఉంటారు, ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలు, ఛత్రపురంలో ఫ్యాక్టరీ పెట్టి తీస్తున్నది దాన్నే. నదులు తెచ్చే ఆ బురద నీళ్లలోనే మన చేపలు బతుకుతాయి, కానీ ఆ బురదలో పగడం బతకదు. నేను అక్కడి నుంచి ఏమీ పట్టుకురాలేదు, పగడం ముక్క తేవడం నేరం కూడా, ఫోటోలున్నాయి, తర్వాత చూపిస్తాను.

ఇక అక్కడ నేను చూసిన ఒక పరిశోధన కేంద్రం సంగతి. లక్నోలో జాతీయ చేపల జన్యు వనరుల సంస్థ అని కేంద్ర ప్రభుత్వానిది ఒకటుంది. అగత్తిలో ఆ సంస్థ వాళ్లది చిన్న కేంద్రం, అలంకారం కోసం అక్వేరియంలలో పెంచుకునే సముద్ర జీవుల మీద పని చేస్తుంది. పరిశోధన కేంద్రం అనగానే నేను పెద్ద భవనం ఊహించుకున్నాను. లోపలికెళితే మన ఛత్రపురం వైపు రొయ్యల హేచరీ ఎలా ఉంటుందో అలాగే ఉంది. పైపులు, వడగట్టిన సముద్రపు నీళ్లు, గాలి బుడగల చప్పుడు, తడి నేల, వరసగా తొట్లు. హేచరీలో పని చేసిన వాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నారు, మీరు వెళ్తే కొత్తగా ఏమీ అనిపించదు, ఆ వాసనా అదే.

ఒక గాజు తొట్టి దగ్గర అక్కడి పరిశోధకురాలు నన్ను ఆపింది. చిన్న అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసుంటుంది. లోపల ఎనిమోన్ ఉంది, చూడటానికి పువ్వులా ఉంటుంది కానీ జంతువు, దాని రేకుల్లాంటివి తాకితే చేపలకి విషం. ఆ రేకుల మధ్యలో ఏదో కదిలింది. ముందు నాకు కనిపించలేదు, ఆ అమ్మాయి టార్చి పక్క నుంచి వేసింది, అప్పుడు తెలిసింది. రొయ్య. ఒళ్లంతా గాజు, లోపలి పేగు కూడా కనబడుతోంది, వీపు మీద సున్నం చుక్క పెట్టినట్టు తెల్లటి మచ్చలు, తోక మీద నారింజ రంగు చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నల్ల గీత, నెమలి ఈక మీద కన్నులాగా. రెండు వేళ్ల మధ్య పట్టేంత ఉంది. ఆ విషపు రేకుల్లో అది హాయిగా తిరుగుతోంది, దానికేమీ కాదు, అదే దాని ఇల్లు. నేను రొయ్యల్ని వండాను, వొలిచాను, తూకానికి అమ్మాను, పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పాను, కానీ ఒక రొయ్యని అంతసేపు నిలబడి చూడటం అదే మొదటిసారి.

ఇలాంటివి రెండు రకాల రొయ్యల్ని వాళ్లు తొట్లలోనే గుడ్డు నుంచి పెంచే పద్ధతి పట్టుకున్నారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నీళ్లలో దుమ్ములా తేలుతుంది, దాని నోట్లో పట్టేంత చిన్న మేత కావాలి, రోజు మారితే మేత మారాలి, మన హేచరీల్లో సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, ఆర్టీమియా అనే చిన్న జీవుల్ని మేతగా వేస్తారే, ఆ తంటానే. అలా పెంచిన పిల్లల్ని దీవిలోని ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి వాళ్ల చేత పెంచిస్తారు, పెరిగాక అక్వేరియం వ్యాపారానికి వెళ్తాయి. సముద్రంలో పగడపు దిబ్బ మీద ఉన్న రొయ్యని పట్టి అమ్మాల్సిన పని ఉండదు. అక్కడ ఒక అక్కతో మాట్లాడాను, వాళ్లది మలయాళంలో ఒక యాస, తమ్ముడు మధ్యలో ఉండి చెప్పాడు. ఆవిడ అన్నది ఏమిటంటే, ఇంట్లో మగవాళ్లు సూర చేపల, అదే ట్యూనాల వేటకి పోతే సముద్రంతో మాకు ఏం పని ఉండేది కాదు, ఇప్పుడు మా చేతిలో కూడా సముద్రం ఉంది అని. మా అమ్మ నెత్తి మీద గంప పెట్టుకుని గోపాల్‌పూర్ వీధుల్లో కవళ్లు చేపలు అమ్మేది, ఆ మాట విన్నప్పుడు అమ్మే గుర్తొచ్చింది.

పగడాల గురించి కాస్త చెప్పి ముందుకెళ్తాను. పగడం లోపల కంటికి కనిపించనంత చిన్న నాచు బతుకుతుంది. ఎండలో అది తిండి తయారు చేస్తుంది, పగడానికి రంగూ అదే ఇస్తుంది. నీళ్లు మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ పెరిగి, అది కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది. తెల్లబడిపోతుంది. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది, వేడి తగ్గకపోతే చస్తుంది. లక్షద్వీప్‌లో 1998లో అలా పెద్ద ఎత్తున జరిగింది, 2010లో మళ్లీ, 2016లో మళ్లీ. అగత్తి, కడమత్, కవరత్తి దీవుల దగ్గర 1998 నుంచి వరసగా కొలుస్తూ వచ్చిన వాళ్లున్నారు, 24 ఏళ్లలో బతికున్న పగడం సుమారు సగానికి పడిపోయిందని తేలింది. ఇది విని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ దిబ్బే ఆ దీవికి గోడ. అల దానికి తగిలి విరిగితేనే లోపల నీళ్లు మడుగులా ఉంటాయి, గోడ అరిగితే అల నేరుగా ఇళ్ల మీదకే. ఊరు సముద్రంలోకి పోవడమంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఋషికుల్య దగ్గర మన పొడంపేట ఊరు మన కళ్ల ముందే పోయింది, ఇళ్లు వదిలి వెనక్కి వచ్చాం.

ఇప్పుడు అసలు సంగతి. తాబేళ్లు.

దిబ్బకీ దీవికీ మధ్య ఉండే ఆ లోపలి నీళ్లని లగూన్ అంటారు. అందులో సముద్రపు గడ్డి పెరుగుతుంది, నిజంగా గడ్డే, వేళ్లుంటాయి, పూస్తుంది. చిన్న చేపలకి అది దాక్కునే చోటు. ఆ గడ్డి తినడానికి పచ్చ తాబేళ్లు వస్తాయి. మన దగ్గరికి వచ్చే ఆలివ్ రిడ్లేల కంటే బాగా పెద్దవి. ఒకప్పుడు అక్కడ వాటిని చంపి ఆ నూనె పడవ చెక్కకి పూసేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది ఆగింది, తాబేళ్లు పెరిగాయి. మంచిదే కదా అనుకుంటాం. కానీ కొన్నేళ్లకి అగత్తి జాలర్లు ఒక మాట అనడం మొదలుపెట్టారు: ఈ తాబేళ్లు గడ్డంతా మేసేస్తున్నాయి, లగూన్‌లో మాకు చేప తగ్గిపోయింది, వలలు కూడా చింపుతున్నాయి.

ఇలాంటి మాట జాలరి అంటే మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. వాడికి చదువు లేదు, వాడి కడుపు మంట వాడిది అంటారు, లేదా తాబేలుకి వ్యతిరేకం అంటారు. అక్కడ అలా జరగలేదు. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అపర్ణా లాల్, రోహన్ ఆర్థర్ మరికొంతమంది కలిసి ఆ మాట పట్టుకుని నీళ్లలోకి దిగారు. తాబేళ్లు ఎక్కువున్న చోట గడ్డిని కొలిచారు, తక్కువున్న చోట కొలిచారు, తాబేళ్లు రాకుండా కొంత గడ్డికి కంచె కట్టి లోపలా బయటా పోల్చి చూశారు. 2010లో అచ్చయింది ఆ పని. గడ్డి పొట్టిబడింది, పలచబడింది, పూత తగ్గింది. తర్వాత చేసిన పనిలో, అలా మేసేసిన చోట చేపలు కూడా తక్కువున్నాయని తేలింది. అంటే జాలర్లు చూసింది నిజమే.

ఆ కథ అక్కడితో ఆగలేదు. అగత్తిలో గడ్డి అయిపోయాక తాబేళ్లు వేరే దీవుల లగూన్లకి తరలిపోయాయి. తాబేలు ఒక చోటనే కూర్చుని తినే జంతువు కాదు, మేత అయిపోతే మందలా ఇంకో చోటికి పోతుంది. అవి ఇంతగా పెరగడానికి సొరచేపలు తగ్గిపోవడం కూడా ఒక కారణం కావచ్చని పరిశోధకులు రాశారు, తినేవి లేకపోతే మేసేవి పెరుగుతాయి. కాబట్టి తాబేలుదే తప్పని ఎవరూ అనలేదు, జాలరిదే తప్పనీ అనలేదు. ఒడ్డున ఒక పెద్దాయన పడవకి రంగు వేసుకుంటూ ఉంటే వెళ్లి కూర్చున్నాను. వాళ్ల వేట చూడాలి మీరు, లగూన్‌లో చిన్న చేపల్ని బతికుండగానే పట్టి, బయటి సముద్రంలో సూర గుంపు కనబడితే అవి విసిరి, గాలం కర్రలతో సూరల్ని ఒక్కొక్కటిగా ఎగరేసి పడవలోకి లాగుతారు. ఆ చిన్న చేపలు ఎక్కడ ఉంటాయో, ఎప్పుడు తగ్గాయో ఆయనకి నోటి లెక్క. ఆయన అన్నది తమ్ముడు తెలుగులో చెప్పాడు, "మేం చెప్పింది వాళ్లు రాసుకున్నారు, రాసుకుని మళ్లీ వచ్చి ఏం తేలిందో మాకు చెప్పారు." ఆ రెండో ముక్క దగ్గర నాకు గొంతు పట్టేసింది. మా నాన్నకి ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు.

ఇప్పుడు మన ఒడ్డుకి వద్దాం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పొడంపేట, పురుణబంధ, గోఖరకుద ఇసుకలో ఆలివ్ రిడ్లేలు గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని బయటి లోకానికి తెలిసింది 1994లో. బయటి లోకానికి అంటున్నాను. మా తాతకి ఎప్పటి నుంచో తెలుసు. 2023లో ఆరు లక్షలు దాటాయి, 2024లో గుంపుగా రాలేదు, 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డులో ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి, ఇసుక మరీ వేడైతే పుట్టేవన్నీ ఆడవే.

వీటిని కాపాడటానికి ధమ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. దాని మీద తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఎలాగూ ఉంది. నేను నిషేధానికి వ్యతిరేకం కాదు, ఇది గట్టిగా చెప్తున్నాను. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ వలలో చిక్కి కిందే ఉండిపోతే ఊపిరాడక చస్తుంది, అలా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిని చిన్నప్పుడు దాటుకుంటూ బడికి వెళ్లాను. మా నాన్న వలలో తాబేలు పడితే వల కోసేవాడు కానీ తాబేలుని కొట్టేవాడు కాదు, శ్రీకూర్మం స్వామి అని దండం పెట్టి వదిలేవాడు, ఆ కోసిన వల అమ్మ రాత్రి దీపం ముందు కూర్చుని అల్లేది. ఆ వల ఖర్చు ఎవరి లెక్కలోనూ లేదు. ఈ ఏడు నెలల్లో ఏ రకం పడవ ఎంత లోతులో వల వేస్తే తాబేలుకి హాని, ఏది వేస్తే హాని లేదు, ఏ గాలికి గుంపు ఎక్కడ తేలుతుంది, ఇవన్నీ వెనక వరసలో కూర్చున్న వాళ్లకి తెలుసు. వాళ్లని అడిగి, కొలిచి, నిజమో కాదో తేల్చాలి. తప్పయితే తప్పని వాళ్ల ముఖం మీదే చెప్పాలి, వాళ్లు వింటారు.

మనకి దూరం పోయే పని కూడా లేదు. గోపాల్‌పూర్‌లోనే జువలాజికల్ సర్వే వాళ్ల కేంద్రం ఉంది. బరంపురం యూనివర్సిటీలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. మా పేట నుంచి అక్కడికి ఆటో చార్జీ ఎంతో మీకు తెలుసు. మధ్యలో అడ్డం ఉన్నది భాష. మావయ్య చెప్పేది తెలుగులో, ఫారం ఒడియాలో, పుస్తకం ఇంగ్లీషులో. అందుకని నేను ఒక పని మొదలుపెట్టాను. ఇదిగో, రెండు వందల పేజీల నోటుబుక్కు. మా స్కూల్లో మన పేట పిల్లలు పదకొండు మంది ఉన్నారు, ఒక్కొక్కరికి ఒకటి కొనిచ్చాను. రోజూ తాతనో మావయ్యనో అడిగి నాలుగే రాస్తారు: తేదీ, గాలి ఎటు నుంచి, ఏం చేప పడింది, తాబేలు కనిపించిందా. తెలుగులో. నీళ్లు ఎక్కే పోటుని పోటు అనే రాయమన్నాను, నీళ్లు తగ్గే పాటుని పాటు అనే. తర్వాత ఇంగ్లీషు చేయడం నా పని.

చాలాసేపు మాట్లాడాను. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళ: అక్కడి ఆడవాళ్లు పెంచే రొయ్యలు మనం ఇక్కడ పెంచలేమా?)

అడిగినందుకు సంతోషం పిన్నీ. అవే రొయ్యలంటే కష్టం. వాటికి తేటగా, ఉప్పు ఒకేలా ఉండే నీళ్లు కావాలి. మన దగ్గర వానాకాలంలో నది పొంగితే ఒడ్డు నీళ్లు చప్పబడిపోతాయి, బురద సరేసరి. అక్కడిది ఇక్కడ పెడితే డబ్బు పోతుంది, ఎవరైనా వచ్చి ఆశ పెడితే ముందు నాకు చెప్పండి. మన నీళ్లకి ఏది పనికొస్తుందో మన కేంద్రాల వాళ్లనే అడగాలి, పదిమంది ఆడవాళ్లం కలిసి వెళ్లి అడుగుదాం, వచ్చే నెల నేను వస్తాను.

(వెనక వరస నుంచి ఒక పెద్దాయన: తాబేళ్లు ఒడ్డు ఎప్పుడు ఎక్కుతాయో గాలే చెప్తుందమ్మా. దక్షిణపు గాలి గట్టిగా పట్టాలి. అది పట్టేదాకా బయటే తేలుతూ ఉంటాయి.)

ఎన్ని రోజులు పట్టాలి మావయ్యా? రెండా, మూడా? ఉండండి, ఆ మైకు ఆయనకి ఇవ్వండి ఎవరైనా. నేను రాసుకుంటాను, మొదటి నుంచి చెప్పండి.